ఉమాపతిని ఎందుకు తీసేశారు?

కుప్పం
24 మార్చి 2025

అక్కకు తమ్ముడు మునస్వామి దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మీ ఇంట్లో ఉన్న పెద్ద ఫోన్ హరినాథ్‌ది. వాడి మీద ఫిర్యాదు వాడి ఫోన్‌కే ఎట్లా పంపేది? అందుకే కాగితం పట్టుకున్నా. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల తప్పులు దిద్దినదానివి, నీ కొడుకు తప్పు కూడా నువ్వే దిద్దాలి.

నిన్న పొద్దున రైల్వే గ్రౌండ్ దగ్గర టీ తాగుతుంటే మా అభిమానుల గ్రూపులో వచ్చింది. మదనపల్లె మైత్రి ఫుట్‌బాల్ క్లబ్, వచ్చే సీజన్ జట్టు. ఇరవై రెండు పేర్లు. మూడుసార్లు చదివాను. ఉమాపతి పేరు లేదు. అక్కా, కెప్టెన్ పేరే లేదు!

"యాలప్పా తీసేసినాడు మీ అల్లుడు?" అని టీ అంగడాయన మొదలుకొని ఆటోవాళ్ళ దాకా నన్నే పట్టుకున్నారు. క్లబ్ మేనేజర్ నా మేనల్లుడే అని ఏడేళ్ళుగా గొప్పలు పోయిన నోరు కదా, మూసుకుని కూర్చున్నాను.

నీకు లెక్క చెప్తా విను. పోయిన సీజన్ పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాం. మన మీద పడిన గోల్స్ తొమ్మిదే. ఎవరి వల్ల? వెనక గోడలాగా నిలబడిన ఉమాపతి వల్ల. వాడిని పంపేసి, గోల్‌కీపర్ బాలప్పను మాత్రం ఉంచుకున్నాడు. ముప్పై ఆరేళ్ళు బాలప్పకు. కిందికి దూకితే పైకి లేవడానికి పక్కవాడి చెయ్యి కావాలి. ఉమాపతి స్థానంలో ఎవరో కలకడ కుర్రాడంట, పంతొమ్మిదేళ్ళంట.

ఆ పిల్లోణ్ణి ఆరేళ్ళ కిందట హరినాథ్ దగ్గరికి తీసుకొచ్చింది నేను. రైల్వే గ్రౌండ్‌లో బూట్లు లేకుండా ఆడుతున్నాడు. తండ్రి లేడు. గుడుపల్లె పక్క పల్లెలో తల్లి చిన్నక్క బంతిపూల తోటల్లో కూలికి పోతుంది. వాడేమో గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పని చేస్తూ, శనివారం సాయంత్రం బస్సెక్కి మదనపల్లె పోయి, ఆదివారం ఆడి, సోమవారం మళ్ళీ డ్యూటీకి వచ్చేవాడు. మాకు పిల్లల్లేరు కదా, వచ్చిన ప్రతిసారీ వసంతమ్మ వాడికి రాగిముద్ద చేసి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

కోలార్ గనుల్లో పని చేసే రోజుల్లో ఆదివారం మ్యాచ్‌కు మనల్ని తీసుకుపోయి నాయన చెప్పేవాడే, "గోల్ కొట్టేవాణ్ణి ఊరు సూస్తాది, ఆపేవాణ్ణి ఊరు నమ్ముతాది" అని. నీ కొడుకుకు ఆ మాట నువ్వు నేర్పలేదా?

కారణం అడిగి రాయి. నా మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది, దాని గురించి అడగొద్దు.

నీ తమ్ముడు
మునస్వామి

*

పుంగనూరు
1 ఏప్రిల్ 2025

మునస్వామికి, అక్క దీవించి రాసేది.

మొన్న ఉగాది పచ్చడిలో మా కోడలు నీలిమ వేపపువ్వు దోసెడు వేసింది. ఏమంటే ఈ ఏడు అంతా ఆరోగ్యంగా ఉండాలంది. హరినాథ్ ఒక్క చెంచా కూడా నోట్లో పెట్టుకోలేదు. వాడికి నెల రోజులుగా తిండి మీద ధ్యాస లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే అడిగాను. నా చెవి మిషను పెట్టుకొని వాడి ముందు కూర్చుని, "ఉమాపతిని యాల తీసేసినావు నాయనా?" అన్నాను. వాడు మొహం తిప్పుకుని, "అది నా పనిమ్మా, నువ్వు అడగద్దు" అన్నాడు. నలభై ఏళ్ళలో వాడు నాతో ఆ మాట అనడం ఇదే మొదలు.

అందుకని నాకు తోచింది రాస్తున్నా. ఇది నా ఊహే, వాడు చెప్పింది కాదు. క్లబ్బుకు ఖర్చులు పెట్టేది టమాటా మండీ వ్యాపారి పురుషోత్తం కదా. ఈసారి టమాటా ధర పడిపోయి ఆయన చెయ్యి వెనక్కు తీశాడేమో. పైగా ఆయనది కలకడ. ఆ కొత్త కుర్రాడిదీ కలకడే. పెద్దమనిషి అడిగితే హరినాథ్ కాదనలేకపోయాడేమో. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా వాడు, ఎవరితో తగాదా పెట్టుకోగలడు?

ఆట గురించి నీకున్నంత తెలివి నాకు లేదు. కానీ బాలప్పను అంత మాట అనకు. వాడు గోల్‌లో నిలబడి అరిస్తే ముందున్న పిల్లలు సర్దుకుంటారు, నేనే చూశాను. నాకు వినపడకపోయినా వాడు అరిచేది కనిపిస్తుంది.

వసంతమ్మకు మెంతులు పంపిస్తున్నా. నానబెట్టి తినమను.

మీ అక్క
ఇందిరమ్మ

*

కుప్పం
9 ఏప్రిల్ 2025

అక్కా,

మెంతులు అందాయి. అంతకన్నా ముఖ్యమైనది నీ ఉత్తరంలో అందింది.

నేను అనుకున్నదే అయింది! డబ్బున్నవాడు కనుబొమ్మ ఎగరేస్తే కెప్టెన్ బయటికి, వాళ్ళ ఊరివాడు లోపలికి. ఆదివారం సాయంత్రం మా వాళ్ళం ముప్పై మందిమి గ్రౌండ్‌లో కలిశాం. ఒకడు కోచ్ తప్పన్నాడు, ఒకడు ఉమాపతే ఎక్కువ అడిగి ఉంటాడన్నాడు. ఇంకొకడు, "వయసు పిల్లోళ్ళను తెచ్చుకోవాల గదప్పా, మేనేజర్ ముందుసూపుతో చేసినాడు" అని హరినాథ్ పక్షం మాట్లాడాడు. అప్పుడు నేను జేబులోంచి నీ ఉత్తరం తీసి చదివాను. పురుషోత్తం మాట, కలకడ మాట, కాదనలేని మాట. మేనేజర్ తల్లే రాస్తే ఇంకేం కావాలి?

ఎవడో దాన్ని ఫోటో కూడా తీశాడు. తీసుకోనీ, నిజమే కదా.

ఉమాపతి ఆ మీటింగుకు రాలేదు. సోమవారం యూనిట్ గేటు దగ్గర పట్టుకున్నా. "నీకేం చెప్పి తీసేసినాడురా?" అంటే, "ఏం చెప్పలేదు మామా, వదిలెయ్" అని నవ్వాడు. తన నోట్లో మట్టి కొట్టినవాడి మీద ఒక్క చెడ్డ మాట అనడు.

హరినాథ్‌తో చెప్పు, మామ అడుగుతున్నాడని కాదు, కుప్పం అడుగుతోందని.

మునస్వామి

*

పుంగనూరు
17 ఏప్రిల్ 2025

మునస్వామీ,

నీకు ఉత్తరం రాస్తే ఊరికి రాసినట్టని నాకు తెలియదు.

నిన్న పురుషోత్తం గారు మా ఇంటికి వచ్చారు. నా చెవి మిషను పెట్టుకునే ఉన్నాను. కాఫీ ఇస్తే ముట్టలేదు. ఫోన్‌లో నా ఉత్తరం ఫోటో తీసి హరినాథ్ ముందు పెట్టాడు. "నేను నీకు ఒక్క ఆటగాడి పేరన్నా చెప్పినానా హరీ? దేవుని ముందర చెప్పు" అన్నాడు. హరినాథ్ ఆయన చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాడు. ఆయన పోయాక నా వైపు తిరిగి, "అమ్మా, ఇది నీ రాతేనా?" అని అడిగాడు. అంతే. గట్టిగా కూడా అడగలేదు.

ఊహ అని రాశాను కదరా. ఆ ముక్క చదవలేదా నువ్వు, లేక చదివి వినిపించలేదా?

ఇక జట్టు గురించి నీకు ఒక్క అక్షరం రాయను.

ఇందిరమ్మ

*

కుప్పం
27 ఏప్రిల్ 2025

అక్కకు,

నీ కోపం తగ్గాక చదువు. ఫోటో సంగతి తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ పురుషోత్తం కాదంటే మరి ఎవరు? కారణం ఉన్నవాడు చెప్తాడు. చెప్పనివాడికి కారణం లేదు, లేదా చెప్పుకోలేని కారణం ఉంది. హరినాథ్ మాకందరికీ ఫోన్ చేసి, "నా నిర్ణయం, నన్ను తిట్టుకోండి" అంటున్నాడు. ఇదొక జవాబా? వాడి నంబరు నా ఫోన్‌లో బ్లాక్ చేయించాను. నీతో దాచడం ఎందుకు.

నేను చేయాల్సింది నేను చేశాను. మే నెలలో గంగమ్మ జాతరకు కుప్పంలో టోర్నమెంట్ పెడుతున్నారు. మన ఊరి జట్టుకు వెనక ఆడేవాడు లేడు. నేనే పోయి పెద్దల్ని అడిగి ఉమాపతికి చోటు ఇప్పించాను. బెంగళూరు నుంచి ఇద్దరు పెద్ద కోచ్‌లు చూడ్డానికి వస్తారంట. వాళ్ళ కంట పడితే మైత్రి క్లబ్ ఎవడికి కావాలి?

మొదట వాడు వద్దన్నాడు. "ఇంక ఆడను మామా" అన్నాడు. నేను వదల్లేదు. మూడు రోజులు ఇంటికి పోయాను. "వాళ్ళు నిన్ను పారేసినారు, నువ్వు ఇంట్లో కూసుంటే వాళ్ళు చేసింది సరే అయిపోతాది. ఆడి సూపించరా" అన్నాను. చిన్నక్క కూడా, "పోరా నాయనా, ఇంట్లో వాడి మొగం సూడలేకపోతాండా" అంది. నాలుగో రోజు ఒప్పుకున్నాడు.

పొద్దున పూట పరుగుకు నేను కూడా పోయి కూర్చుంటున్నా. పాపం, దిగులు మనిషిని ఎంత తినేస్తుందో చూడు. నాలుగు చుట్లు పరిగెత్తి కింద కూర్చుండిపోతున్నాడు. ముందు పది చుట్లు తిరిగేవాడు. నీ కొడుకు చేసిన పని ఇది.

మునస్వామి

*

పుంగనూరు
7 మే 2025

తమ్ముడూ,

పక్కింటి సంగీత కుప్పంలో యూనివర్సిటీలో చదువుతోంది. ఈ ఉత్తరం నీ చేతికే ఇవ్వాలని, నువ్వు చదివేదాకా అక్కడే నిలబడాలని ఆ పిల్లతో ఒట్టు వేయించుకున్నాను. ఎవరికీ చదివి వినిపించొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఉమాపతి జాతర టోర్నమెంట్‌లో ఆడుతున్నాడని నీ ఉత్తరంలో చదివి, మధ్యాహ్నం అన్నం దగ్గర హరినాథ్‌తో చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. వాడు కంచంలో చెయ్యి అట్లాగే పెట్టి నన్ను చూశాడు. ఏదో అన్నాడు, చెవి మిషను లేక నాకు వినపడలేదు. మళ్ళీ అన్నాడు. నీలిమ లెక్కలు రాసే నోటుబుక్కు లాక్కుని ఎడమ చేత్తో రాశాడు. వంకర అక్షరాలు. "అమ్మా, ఉమాపతి ఆడకూడదు. ఆడితే చచ్చిపోతాడు."

ఈ ఏడు నుంచి లీగ్‌వాళ్ళు అందరికీ డాక్టర్ సర్టిఫికెట్ కావాలన్నారంట. మార్చి మొదట్లో హరినాథ్ పిల్లలందర్నీ పరీక్షలకు తీసుకుపోయాడు. ఉమాపతిని మాత్రం మళ్ళీ పిలిచి గుండెకు స్కాన్ తీశారు. గుండె గోడ మందంగా ఉందంట. పుట్టుకతో వచ్చే జబ్బు. బాగా పరిగెత్తితే ఏ నిమిషమైనా గుండె ఆగిపోవచ్చు, ఇక ఆట మాట ఎత్తొద్దు అని డాక్టర్ చెప్పాడు. ఆ గదిలో ఉన్నది వాడు, హరినాథ్, ఇద్దరే.

వాడి తండ్రి కూడా చేలో నీళ్ళు కడుతూ ఉన్నట్టుండి పడిపోయాడంట కదా, ముప్పై ఎనిమిదేళ్ళకు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉమాపతి ఏడ్చాడంట. "అన్నా, మా అమ్మకు తెలీకూడదు. నాయన పోయినట్లే నేనూ పోతానని దినామూ నన్ను సూసుకుంటా సస్తాది. యూనిట్‌లో తెలిస్తే పని తీసేస్తారు. మీ అమ్మ మీద ఒట్టెయ్ అన్నా" అన్నాడంట. నా కొడుకు నా తల మీద ఒట్టు వేశాడు. అందుకే నోరు మూసుకుని మీ అందరి తిట్లూ తిన్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు నా దగ్గరే విరిచాడు.

ఉమాపతికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నీకు చేస్తే పోవడం లేదు. టోర్నమెంట్ వాళ్ళకు చేస్తే, "మీరు వదిలేసినోడు మా దాంట్లో ఆడితే మీకు మంటనా?" అని పెట్టేశారంట. తాను వస్తే మీవాళ్ళు గ్రౌండ్‌లోకి కూడా రానివ్వరని, నీ మాటైతే వింటారని అంటున్నాడు.

మునస్వామీ, నువ్వే వాణ్ణి ఒప్పించావు. నువ్వే ఆపు. చిన్నక్కకు చెప్పకుండా ఆపగలిగితే ఆపు, లేకపోతే చెప్పయినా ఆపు.

అక్క

*

కుప్పం
9 మే 2025

అక్కా,

నిన్న సంగీత వచ్చింది, నిలబడింది, చదివాను. నీ మాట ప్రకారం ఎవరికీ చూపించలేదు, ఉమాపతికి తప్ప.

సాయంత్రం యూనిట్ దగ్గరికి పోయి ఉత్తరం వాడి చేతిలో పెట్టాను. నిలబడి మొత్తం చదివాడు. చదివి నవ్వాడు. "మామా, రోజూ రాళ్ళు మోస్తాండా. గుండె సెడిపోయినోడు రాయి మోస్తాడా? హరన్నకు నేను కుప్పానికి ఆడేది ఇష్టం లేదు, అంతే" అన్నాడు. "నిజం సెప్పురా" అంటే నా చెయ్యి తీసుకుని వాడి గుండె మీద పెట్టుకున్నాడు. "సూడు, ఎట్ల కొట్టుకుంటాండాదో" అన్నాడు. బాగానే కొట్టుకుంటోంది అక్కా.

నువ్వు అబద్ధం రాయవు. కానీ హరినాథ్ నీకు చెప్పింది నిజమని నువ్వు ఎట్లా చెప్పగలవు? కాగితం ఉందా? స్కాన్ ఉందా? మార్చిలో చెప్పని మాట సెమీ ఫైనల్‌కు ఒక్క రోజు ముందు నాకు ఎందుకు చేరింది?

ఆదివారం ఫైనల్ అయ్యాక నేనే వాణ్ణి వేరే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతా. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

మునస్వామి

*

పుంగనూరు
14 మే 2025

మునస్వామీ,

నీ ఉత్తరం నిన్న మంగళవారం వచ్చింది. "నవ్వాడు" అని రాశావు. వాణ్ణి మట్టిలో పెట్టి అప్పటికి ఒక రోజు.

హరినాథ్ సోమవారం రాత్రి ఇల్లు చేరాడు. చొక్కా మీద గ్రౌండ్ మట్టి అట్లాగే ఉంది. విప్పమంటే విప్పలేదు. ఏం జరిగిందని అడిగి నోటుబుక్కు ముందుకు తోశాను, అందులో కూడా రాయలేదు. నాకు వినపడదు, వాడు మాట్లాడడు. ఈ ఇంట్లో ఏం జరిగిందో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

నువ్వు అక్కడ ఉన్నావు. ఏదీ దాచకుండా రాయి.

ఇందిరమ్మ

*

కుప్పం
22 మే 2025

అక్కకు,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది.

ఆదివారం నాలుగున్నరకు ఫైనల్. జాతర జనం, గ్రౌండ్ చుట్టూ మనుషులే. ఉమాపతి మొదటి సగం అంతా బాగా ఆడాడు. విరామంలో వాడికి నీళ్ళు ఇచ్చింది నేను. పెదాలు తెల్లగా ఉన్నాయి. "ఎండ మామా" అన్నాడు.

రెండో సగం మొదలైనప్పుడు గేటు దగ్గర గొడవ వినపడింది. చూస్తే హరినాథ్. లోపలికి రావాలని తోసుకుంటున్నాడు. మా గ్రూపువాళ్ళే అడ్డం నిలబడ్డారు. "ఆపండప్పా, ఆట ఆపండి" అని అరుస్తున్నాడు. వాళ్ళు నవ్వుతున్నారు. ఒకడు వాడి కాలరు పట్టుకున్నాడు. హరినాథ్ నన్ను చూశాడు. "మామా!" అని పిలిచాడు. నాకు వినపడింది అక్కా. అంత సద్దులో కూడా వినపడింది. నేను పోలేదు. నలుగురిలో తల కొట్టేసినట్టు అవుతుందని తల తిప్పుకుని ఆట చూశాను.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. బంతి ఉమాపతి దగ్గర కూడా లేదు. వెనక్కు నడుస్తున్నాడు. మోకాళ్ళ మీద కూలి, ముందుకు పడిపోయాడు. ఎవరో కాలు తగిలించారనుకుని జనం ఈలలు వేశారు. నాకు మాత్రం తెలిసిపోయింది.

హరినాథ్ ఎట్లా వచ్చాడో, వాళ్ళందర్నీ తోసుకుని వచ్చి పడ్డాడు. వాణ్ణి వెల్లకిలా తిప్పి ఎదురురొమ్ము నొక్కడం మొదలుపెట్టాడు. లెక్క పెడుతూ నొక్కుతున్నాడు. మార్చిలోనే అది నేర్చుకున్నాడంట, ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని. 108 వచ్చేదాకా ఆపలేదు. ఆసుపత్రిలో డాక్టర్ చెయ్యి పట్టుకుని "చాలు" అన్నదాకా ఆపలేదు.

ఉత్తరం నా జేబులోనే ఉంది.

చిన్నక్క వచ్చింది. పూలతోట నుంచి అట్లాగే వచ్చింది, చేతులకు ఆకుపసరు. హరినాథ్‌ను చూసి, "నువ్వు తీసేసినావు, దిగులుతో నా బిడ్డ గుండె పగిలింది" అని వాడి చొక్కా పట్టుకుని కొట్టింది. వాడు కొట్టించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఇప్పుడు కుప్పం అంతా అదే మాట. రైల్వే గేటు దగ్గర ఉమాపతి ఫ్లెక్సీ కట్టారు. కింద "మేనేజర్ బలి తీసుకున్న కెప్టెన్" అని రాయించారు. రాయించింది మా గ్రూపే. నా పేరు కూడా వేశారు, నన్ను అడక్కుండానే.

వసంతమ్మ నాతో మాట్లాడటం మానేసింది. దానికి నేను చెప్పేశాను.

నేను చంపాను అక్కా. ఇంకో మాట లేదు.

మునస్వామి

*

పుంగనూరు
2 జూన్ 2025

తమ్ముడూ,

చంపానని రాయకు. రాస్తే నేను కూడా రాయాలి. మొదటి ఉత్తరంలో తెలియని కారణం తెలిసినట్టు రాసింది నేనే. దాంతోనే నా కొడుకు మాట మీద నీకు నమ్మకం పోయింది. సంగీతతో పంపిన ఉత్తరం అందుకే పనికి రాలేదు. ఉమాపతి నవ్వాడు, నువ్వు నమ్మాలనుకున్నావు, హరినాథ్ నోరు మూసుకున్నాడు. ఎవరిని అడిగేది?

హరినాథ్ మేనేజర్ పని వదిలేశాడు. మొన్న ఆఫీసు దగ్గర ఎవరో వాడి బండి మీద పేడ చల్లారు. కడుక్కొని ఇంటికి వచ్చాడు. పురుషోత్తం గారు పరిగెత్తుకొచ్చి, "అసలు సంగతి చెప్పు హరీ, నేను మండీలో మైకు పెట్టి చెప్తా" అన్నాడు. ఏదో ఉందని ఆయనకు అర్థమైంది. వీడు చెప్పడు. నోటుబుక్కులో నాకు ఒకటే రాశాడు. "వాడు అడిగింది ఒక్కటే అమ్మా. వాళ్ళ అమ్మకు తెలియకూడదని. అదన్నా నిలబెట్టనీ."

నీలిమ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. మనిషి ఎముకలు తేలాడు. పిలిస్తే పలకడు. పొద్దున లేచి చేతులు చూసుకుంటాడు.

చిన్నక్కకు చెప్పమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. కొడుకును పోగొట్టుకున్నదానికి, నీ కొడుకే దాచాడమ్మా అని ఎవరు చెప్తారు? చెప్పొద్దని అనడానికీ నోరు రావడం లేదు. నా కొడుకు నా కళ్ళ ముందు పోతున్నాడు.

ఒట్టు వేసింది వాడు. నువ్వు వెయ్యలేదు. ఇంతకన్నా నేను రాయలేను.

అక్క

*

కుప్పం
12 జూన్ 2025

అక్కకు,

నిన్న పోయాను.

గుడుపల్లెలో బస్సు దిగి నడిచాను. చిన్నక్క ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉంది. కూలికి పోవడం లేదంట. నన్ను చూసి, "రాప్పా మునస్వామీ, కూసో" అంది. నా బిడ్డకు నువ్వు చేసినంత ఎవరూ చెయ్యలేదని చెప్పడం మొదలుపెట్టింది. చోటు ఇప్పించావు, ఇంటికొచ్చి ధైర్యం చెప్పావు, దేవుని మాదిరి వచ్చావు అంటోంది. నేను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాను.

"అమ్మా, నేను మంచోణ్ణి గాదు. నాకాడ ఒక ఉత్తరం ఉండాది. ఫైనల్‌కు మూడు దినాల ముందరే వచ్చింది" అన్నాను. ఆమెకు చదువు రాదు. నేనే చదివాను. నీ అక్షరాలు నాకు కనిపించలేదు, అయినా కంఠతా వచ్చేసింది కదా. స్కాన్ మాట, డాక్టర్ మాట, మెట్ల మీద వాడు ఏడ్చిన మాట, ఒట్టు మాట. వాడు నవ్విందీ, నా చెయ్యి వాడి గుండె మీద పెట్టుకుందీ చెప్పాను. గేటు దగ్గర హరినాథ్ పిలిస్తే పోకపోవడం కూడా చెప్పాను. ఏదీ మిగుల్చుకోలేదు.

కొడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "ఇంకొకసారి సదువప్పా" అంది. చదివాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"దినామూ నన్ను సూసుకుంటా సస్తాదన్న్యాడా?"

"అన్న్యాడమ్మా."

"వాళ్ళ నాయన పోయినప్పటి నుంచీ అదే కదప్పా నేను చేస్తాండేది. వాడు నిద్రపోతాంటే ముక్కుకాడ వేలు పెట్టి సూసేదాన్ని, ఊపిరి ఆడతాందా లేదా అని. ఎనిమిదేండ్ల పిల్లోడప్పటి నుంచి. వానికి తెలీదనుకుంటి." బండ మీద చెయ్యి రాస్తూ, "తెలుసన్నమాట. అందుకే దాసినాడు" అంది.

క్షమించమని అడగడానికి పోయిన మనిషిని, ఆ మాటే నాలుక మీదకు రాలేదు. ఆమె కూడా క్షమించాననలేదు, అనదు కూడా. "నువ్వు నాకు చెప్పింటే గుంజకు కట్టేసైనా నిలిపింటి గదా మునస్వామీ" అని మాత్రం ఒకసారి అంది. కోపంగా కాదు, కూలి రేటు చెప్పినట్టు చెప్పింది. ఆ మాట నా వెంట కాటికి వస్తుంది.

ఈ సంగతి ఊరికి చెప్పొచ్చా అని అడిగితే చెప్పమంది. అక్కడి నుంచి నేరుగా రైల్వే గేటు దగ్గరికి పోయి ఫ్లెక్సీ దింపాను. మా గ్రూపువాళ్ళు వచ్చి అడ్డం పడ్డారు. ఆమెను అడిగే వచ్చానని, జబ్బు సంగతి, నా సంగతి అక్కడే నిలబడి చెప్పాను. కొందరు నమ్మారు. ఒకడు, "అల్లుణ్ణి కాపాడుకునేదానికి కత జెప్తాండావు" అని నా మొహాన ఉమ్మాడు. నేను కూడా ఆ మాటే నీతో అన్నాను కాబట్టి తుడుచుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. నేను లేచి వస్తుంటే చిన్నక్క వెనక నుంచి పిలిచింది.

"మీ అల్లుడు నా బిడ్డ ఎదురురొమ్ము నొక్కినాడంట గదా. అప్పుడు వాడు ఏమన్నా అన్న్యాడా? అమ్మా అని గానీ?"

నాకు తెలియదన్నాను. దగ్గర ఉన్నది హరినాథ్ ఒక్కడే.

"అయితే ఆ అబ్బయ్యను రమ్మను. కొట్టినాను గదా, బయపడతాడేమో. కొట్టనని చెప్పు. వాడు ఆ మెట్ల మీద ఏమేం చెప్పుకున్నాడో, ఎంతసేపు ఏడ్చినాడో, అన్నీ నాకు చెప్పాల. నా బిడ్డ మాటలు వానికాడ ఉండాయి. అవి నావి" అంది.

అక్కా, వాణ్ణి తీసుకొని ఇరవై రెండో తేదీ ఆదివారం రండి. పలమనేరు మీదుగా పొద్దున బస్సు ఉంది. గుడుపల్లెలో దిగే చోట నేను నిలబడి ఉంటాను. నాతో మాట్లాడమని హరినాథ్‌ను అడగను, దారి చూపించి వెనక్కు వచ్చేస్తాను. వాడు రానంటే బలవంతం చెయ్యొద్దు. కానీ ఈ ఒక్క మాట చెప్పు. వాడు రాకపోతే తానే పుంగనూరుకు వస్తానని, ఇల్లు ఎక్కడో చెప్పమని ఆమె నన్ను అడిగింది. నేను చెప్పాను.

మునస్వామి